కీప్యాడ్ ఫోన్‌ను రైతులు పూర్తిగా వాడుకోవడం ఎలా?

గ్రామాల్లో ఇప్పుడు చాలా మంది చేతుల్లో స్మార్ట్ ఫోన్లు ఉన్నాయి. అయినా పొలానికి వెళ్లేటప్పుడు చొక్కా జేబులో బటన్ల ఫోనే పెట్టుకునే రైతులు నేటికీ తక్కువేం కాదు. ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. గట్టు మీద పడినా పగలదు. రాత్రి నీరు పెట్టడానికి వెళితే టార్చి లైటు కూడా అదే. అయితే పదేళ్లుగా ఈ ఫోను వాడుతున్న వారిలోనూ పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప మిగతావి తెలియని వారు ఎక్కువ. అలాంటి రైతు సోదరుల కోసం, అక్కచెల్లెళ్ల కోసం ఈ వ్యాసం. ఇంట్లో చదువుకున్న పిల్లలు దీన్ని పెద్దలకు చదివి వినిపించి, ఫోను చేతిలో పెట్టి చేయిస్తే ఇంకా మంచిది.

ఎందుకు నేర్చుకోవాలి?

నేను గతంలో పనిచేసిన ఒక డెల్టా మండలంలో జరిగిన సంగతి చెబుతాను. వరి కోతల సమయం. వాయుగుండం ఏర్పడిందని, రెండు రోజుల్లో భారీ వర్షాలు పడతాయని, కోతలు ఆపాలని, కోసిన పనలను కుప్ప వేసి బరకాలు కప్పుకోవాలని రైతులకు మెసేజీలు వెళ్లాయి. ఒక కౌలు రైతు మాత్రం రెండెకరాల వరి కోసి పనల మీదే వదిలేశాడు. వాన వెలిశాక నేను పొలానికి వెళ్లేసరికి కంకుల మీదే మొలకలు వచ్చాయి.

"మెసేజ్ రాలేదా?" అని అడిగితే, "నాకు ఎప్పుడూ రావండీ, నా పేరు మీ లిస్టులో లేదేమో" అన్నాడు. ఫోను తీసుకుని చూశాను. స్క్రీన్ పైన చిన్న కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంది. అది చాలా రోజులుగా అలాగే ఉందని, చార్జింగ్ గుర్తు అనుకున్నానని చెప్పాడు. అది మెసేజీల పెట్టె నిండిపోయిందని తెలిపే గుర్తు. లోపల చూస్తే అన్నీ రీచార్జి ఆఫర్లు, పాటల ప్రకటనలు. ఓ పది తీసేశాను. నిమిషం తిరగకముందే టింగు టింగుమంటూ మూడు మెసేజీలు వరసగా వచ్చాయి. మూడూ వర్షం హెచ్చరికలే. కోసి పడిన వరిలో మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలనే సలహా కూడా వాటిలో ఉంది.

ఆ రైతుకు నాలుగేళ్లుగా విత్తన శుద్ధి గురించి, ఎరువుల మోతాదు గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన ఫోను మాత్రం ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకుని చూడలేదు. అప్పటి నుంచి ఏ రైతు సమావేశానికి వెళ్లినా చివర పది నిమిషాలు ఫోన్లు బయటకు తీయిస్తున్నాను.

ఏ ఫోను గురించి?

ఇక్కడ చెప్పే విషయాలు బటన్లు ఉన్న ఏ సాధారణ ఫోనుకైనా దాదాపు వర్తిస్తాయి. ఉదాహరణకు 2003లో వచ్చిన నోకియా 1100ను తీసుకున్నాను. దుమ్ము దూరని కీప్యాడ్, చేతిలో జారని పక్కలు, పైన టార్చి లైటు ఉండటంతో మన పల్లెల్లో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఫోన్లలో ఇదొకటి. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న జరిగింది. అప్పట్లో వచ్చిన కాల్‌కు కూడా డబ్బులు కట్టాల్సి వచ్చేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాకే ఫోను రైతు చేతికి వచ్చింది.

సిమ్ వేసుకోవడం

* ముందు ఫోను ఆపాలి. వెనుక మూత తీసి, బ్యాటరీ బయటకు తీయాలి. ఆ కింద సిమ్ పెట్టే చోటు కనిపిస్తుంది.
* సిమ్‌పై బంగారు రంగు ఉన్న వైపు ఫోనులోని పిన్నులకు తగలాలి. కత్తిరించిన మూల, ఫోను మీద గీసిన బొమ్మలోని మూలతో కలవాలి.
* పాత ఫోన్లకు పెద్ద సైజు సిమ్ కావాలి. ఇప్పుడిచ్చే చిన్న సిమ్‌ను దాని చట్రంలో (అడాప్టర్) బిగించి పెట్టాలి. చట్రం లేకుండా పెడితే పక్కకు జరిగి, పిన్నులు విరిగిపోతాయి.
* పాత ఫోన్లు 2జీ నెట్‌వర్క్ మీదే పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు, 4జీ, 5జీ మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆ సిమ్ ఈ ఫోన్లలో పనిచేయదు. సిమ్ కొనే ముందే ఈ ఫోనులో వేసి చూపించమని అడగాలి.

ఫోను ఆన్ చేశాక పిన్ అడిగితే సిమ్‌తో ఇచ్చిన నంబరు కొట్టాలి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది. అప్పుడు 8 అంకెల పీయూకే నంబరు అడుగుతుంది. ఊహించి కొట్టవద్దు. పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు. పీయూకే నంబరు సిమ్‌తో వచ్చిన కార్డు మీద ఉంటుంది. లేకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌ను అడగాలి.

కీప్యాడ్ లాక్

జేబులో ఉన్నప్పుడు బటన్లు వాటంతట అవే నొక్కుకుపోయి కాల్స్ వెళ్లకుండా లాక్ చేసుకోవాలి. నోకియాలో మెనూ నొక్కి, వెంటనే స్టార్ (*) నొక్కితే లాక్ అవుతుంది. మళ్లీ స్క్రీన్ కింది బటన్, ఆ తర్వాత స్టార్ నొక్కితే తెరుచుకుంటుంది. లాక్‌లో ఉన్నా వచ్చిన కాల్ ఎత్తవచ్చు. అత్యవసర నంబరు 112కు కూడా లాక్ తీయకుండానే కాల్ చేయవచ్చు.

కాల్ చేయడం, ఎత్తడం

నంబరు పూర్తిగా కొట్టి పచ్చ బటన్ నొక్కాలి. మాట అయిపోయాక ఎర్ర బటన్ నొక్కాలి. నోకియా 1100లో పచ్చ, ఎర్ర బటన్లు విడిగా ఉండవు. స్క్రీన్ కింద ఉన్న పెద్ద బటన్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. దాని పైన స్క్రీన్ మీద ఏ మాట కనిపిస్తే ఆ పని జరుగుతుంది. అంకె తప్పు కొడితే సీ బటన్ ఒకసారి నొక్కితే చివరి అంకె పోతుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు కాల్ చేయాలంటే ముందు ప్లస్ గుర్తు కావాలి. స్టార్ బటన్‌ను రెండుసార్లు వెంట వెంటనే నొక్కితే ప్లస్ వస్తుంది. తర్వాత దేశం కోడ్, ఆపైన నంబరు కొట్టాలి. చార్జీ ఎక్కువ. అందుకే వారినే చేయమనడం మేలు.

సిగ్నల్ గీతలు తక్కువగా ఉంటే ఫోనును పైభాగంలో అరచేతితో మూసి పట్టుకోవద్దు. చాలా ఫోన్లలో యాంటెనా లోపల అక్కడే ఉంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఫోను ఎక్కువ శక్తితో పనిచేయాలి కాబట్టి చార్జింగ్ కూడా త్వరగా అయిపోతుంది.

ముఖ్యమైన నంబర్లు దాచుకోవడం

మెనూలో పేర్లు (కాంటాక్ట్స్) అనే చోటుకు వెళ్లి, పేరు, నంబరు ఇచ్చి సేవ్ చేయాలి. నంబర్లు ఫోనులో గానీ, సిమ్‌లో గానీ ఉంటాయి. ఫోను పాడైతే ఫోనులోవి పోతాయి, సిమ్ పోతే సిమ్‌లోవి పోతాయి. ముఖ్యమైనవి సిమ్‌లో దాచి, ఒక నోటు పుస్తకంలో కూడా రాసి ఇంట్లో ఉంచుకోవాలి.

ప్రతి రైతు ఫోనులో ఉండాల్సిన నంబర్లు:

* 1800-180-1551: కిసాన్ కాల్ సెంటర్ (ఉచితం)
* 1962: పశువైద్య సంచార సేవ
* 1912: కరెంటు ఫిర్యాదులు
* 108: అంబులెన్స్
* 112: ఏ అత్యవసరానికైనా
* 1930: ఫోను, బ్యాంకు మోసాలపై ఫిర్యాదు

వీటితో పాటు మీ వ్యవసాయ అధికారి, లైన్‌మన్, పశువుల డాక్టర్, ట్రాక్టర్ లేదా కోత మిషన్ యజమాని నంబర్లు ఉంచుకోవాలి.

చదవడం రాని వారికి ఒక తేలిక మార్గం ఉంది. 2 నుంచి 9 వరకు ఒక్కో బటన్‌కు ఒక్కో నంబరు కేటాయించుకోవచ్చు. దీన్ని స్పీడ్ డయల్ అంటారు. 2కు ఇల్లు, 3కు వ్యవసాయ అధికారి, 4కు లైన్‌మన్, 5కు పశువుల డాక్టర్ అని పెట్టుకుంటే ఆ బటన్‌ను కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే చాలు, కాల్ వెళుతుంది. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది. చీకట్లో వేలితో తడిమి మిగతా బటన్లను గుర్తించవచ్చు. ఇంట్లో పిల్లలు ఐదు నిమిషాల్లో చేసి పెట్టగలరు.

మెసేజీలు: అసలు జాగ్రత్త ఇక్కడే

వాతావరణ హెచ్చరికలు, పంట సలహాలు, బ్యాంకులో పడిన డబ్బు వివరాలు, ధాన్యం కొనుగోలు సమాచారం ఇవన్నీ మెసేజ్ రూపంలోనే వస్తాయి. అందుకే ఈ భాగం బాగా నేర్చుకోవాలి.

చదవడం: కొత్త మెసేజ్ వస్తే స్క్రీన్ మీద కవరు బొమ్మ కదలకుండా నిలిచి ఉంటుంది. చూపించు (షో) అన్న చోట నొక్కి, కింది బాణం బటన్‌తో చివరి వరకు చదవాలి. చిన్న స్క్రీన్ మీద నాలుగు వరుసలే కనిపిస్తాయి. చాలా మంది అంతటితో ఆపేస్తారు. మందు మోతాదు, తేదీ ఎక్కువగా చివరి వరుసల్లోనే ఉంటాయి.

కవరు ఆరుతూ వెలుగుతూ ఉంటే: పెట్టె నిండిందని అర్థం. కొత్త మెసేజీలు మీ ఫోనులోకి రాలేక కంపెనీ దగ్గరే ఆగి ఉంటాయి. కొంత కాలం చూసి ఆ తర్వాత కంపెనీ వాటిని తీసేస్తుంది. కాబట్టి మెనూలో మెసేజెస్, తర్వాత ఇన్‌బాక్స్‌కు వెళ్లి అక్కర్లేనివి డిలీట్ చేయాలి. వారానికి ఒక రోజు, సంత రోజో ఆదివారమో, దీనికి పెట్టుకోవాలి. బ్యాంకు మెసేజీలను మాత్రం పాస్‌బుక్‌తో సరిచూసుకున్నాకే తీసేయాలి.

తెలుగు మెసేజ్ స్థానంలో డబ్బాలు కనిపిస్తే: మీ ఫోనులో తెలుగు అక్షరాలు లేవని అర్థం. ఫోను చెడిపోలేదు. ఆ మెసేజ్‌ను తెలుగు చూపించే ఫోను ఉన్న పక్కింటి వారికి ఫార్వర్డ్ చేసి చదివించుకోవచ్చు. వర్షాకాలంలో డబ్బాల మెసేజ్ వస్తే పక్కన పడేయకుండా వెంటనే ఇలా చేయాలి.

ప్రకటనలు తగ్గించడం: పెట్టె నింపేది ఎక్కువగా ప్రకటనలే. 1909కు కాల్ చేసి, ప్రకటనలు వద్దని నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు, ప్రభుత్వ మెసేజీలు దీనివల్ల ఆగవు.

రాయడం: ఒక్కో బటన్ మీద మూడు నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరానికి ఒకసారి, రెండో దానికి రెండుసార్లు, మూడో దానికి మూడుసార్లు నొక్కాలి. 'ప్యాడీ' అని ఇంగ్లిష్‌లో రాయాలంటే 7 ఒకసారి, 2 ఒకసారి, 3 ఒకసారి నొక్కి, క్షణం ఆగి, మళ్లీ 3 ఒకసారి, చివరకు 9 మూడుసార్లు నొక్కాలి. ఒకే బటన్ మీది రెండు అక్షరాలు వరుసగా వస్తే మధ్యలో ఆగాలి. మాటకు మాటకు మధ్య ఖాళీ కోసం 0 నొక్కాలి. అంకె కావాలంటే ఆ బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాల వరకు పడతాయి. తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే.

మెసేజ్ ఎంతకీ వెళ్లకపోతే బ్యాలెన్స్, సిగ్నల్ చూసుకోవాలి. అవి సరిగానే ఉంటే మెసేజ్ సెంటర్ నంబరు చెరిగిపోయి ఉండవచ్చు. కస్టమర్ కేర్‌కు చెబితే ఆ నంబరు ఇస్తారు.

కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసే పద్ధతి

2004 జనవరి 21న మొదలైన ఈ సేవ ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల వరకు ఉంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలా మంది ఫోన్ చేసి "ఆకులు పసుపు అవుతున్నాయి, ఏ మందు కొట్టాలి?" అని మాత్రమే అడుగుతారు. నత్రజని లోపం ఉన్నా, జింకు లోపం ఉన్నా, నీరు నిలిచినా, తెగులు ఉన్నా ఆకులు పసుపే అవుతాయి. అవతలి వారికి మీ పొలం కనిపించదు. అందుకే కాల్ చేసే ముందు ఈ వివరాలు సిద్ధంగా పెట్టుకోవాలి:

1. పంట, రకం, విత్తి లేదా నాటి ఎన్ని రోజులైంది
2. లక్షణం ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా
3. పొలమంతా ఉందా, అక్కడక్కడా ఉందా
4. ఇప్పటి వరకు వేసిన ఎరువులు, కొట్టిన మందులు, తేదీలతో
5. నీటి పరిస్థితి, ఇటీవల వాన పడిందా

పొలంలో మొక్క పక్కన నిలబడి ఫోన్ చేస్తే అడిగినవి చూసి చెప్పవచ్చు. కాగితం, పెన్ను దగ్గర ఉంచుకోవాలి. మందు పేరు, లీటరు నీటికి ఎంత, ఎకరానికి ఎన్ని లీటర్ల ద్రావణం అన్న మూడూ రాసుకుని, తిరిగి చదివి వినిపించి సరిచూసుకోవాలి. మిల్లీలీటరుకు, గ్రాముకు తేడా పొరబడితే పంటకే నష్టం.

అలారం, టార్చి

అలారాన్ని నిద్ర లేవడానికే కాకుండా కరెంటు వచ్చే వేళకు, తడి మార్చే వేళకు పెట్టుకోవచ్చు. రిమైండర్‌లో తేదీ పెడితే పంట రుణం చెల్లింపు, పంటల బీమా గడువు, పశువుల టీకా వంటివి గుర్తు చేస్తుంది. ముందుగా ఫోనులో గడియారం, తేదీ సరిచేసుకోవాలి. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు తేదీ తప్పుతుంది.

నోకియా 1100లో సీ బటన్‌ను నొక్కి పట్టుకుంటే టార్చి వెలుగుతుంది. గట్ల మీద నడిచేటప్పుడు పాములను చూసుకోవడానికి ఇది చాలు గానీ, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర ఉండాల్సిందే.

ఫోనుతో మోటారు ఆన్ చేసేవారికి హెచ్చరిక

మొబైల్ స్టార్టర్ బిగించుకున్న రైతులు ఇంటి నుంచే మోటారు వేస్తున్నారు. రాత్రిళ్లు పొలానికి వెళ్లే బాధ తప్పింది. కానీ ఆ స్టార్టర్ నంబరు ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తెలుసు. మీరు మోటారు దగ్గర వైర్లు సరిచేస్తుండగా ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆన్ చేయవచ్చు. ఫోనుతో ఆపిన మోటారులో కరెంటు లేదనుకోకూడదు. మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే మోటారు మీద, పెట్టె మీద చేయి వేయాలి. తడి చేతులతో అసలు ముట్టుకోవద్దు.

ఫోను సంరక్షణ

* మందు కొట్టేటప్పుడు ఫోను ఎత్తవద్దు. చేతికి అంటిన మందు ఫోనుకు, అక్కడి నుంచి చెంపకు, నోటికి చేరుతుంది. ఇంటికి వచ్చాక అదే ఫోను పిల్లలు పట్టుకుంటారు. పిచికారీ రోజు ఫోనును గట్టు మీద సంచిలో ఉంచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తీయాలి.
* నీటిలో పడితే వెంటనే బ్యాటరీ, సిమ్ తీసి, గుడ్డతో తుడిచి, నీడలో గాలి తగిలే చోట ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. పొయ్యి దగ్గర, ఎర్రటి ఎండలో పెట్టవద్దు. ఆన్ అవుతుందేమోనని మధ్యలో నొక్కి చూడవద్దు.
* బ్యాటరీ ఉబ్బితే వాడవద్దు. బల్ల మీద పెట్టి తిప్పితే గిర్రున తిరిగిందంటే ఉబ్బినట్లే.
* చార్జింగ్‌లో ఉండగా, ముఖ్యంగా ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఫోను మాట్లాడవద్దు. పొలంలో ఉంటే చెట్టు కింద నిలబడకుండా పక్కా భవనంలోకి వెళ్లాలి.

మోసాల విషయంలో జాగ్రత్తలు

బటన్ల ఫోనులో మోసం జరగదనుకోవడం పొరపాటు. ఓటీపీ ఈ ఫోనుకు కూడా వస్తుంది. "పీఎం కిసాన్ డబ్బులు ఆగాయి, ఈకేవైసీ చేయాలి, మీకొచ్చిన నంబరు చెప్పండి" అని ఎవరు అడిగినా చెప్పవద్దు. వ్యవసాయ శాఖ వారుగానీ, బ్యాంకు వారుగానీ ఫోనులో ఓటీపీ అడగరు. నా పేరు చెప్పి అడిగినా చెప్పవద్దని మా రైతులకు చెబుతుంటాను. అపరిచితులు *401* లాంటి కోడ్ కొట్టమంటే కొట్టవద్దు. మీకు రావాల్సిన కాల్స్ వారికి మళ్లిపోతాయి.

ఇంటర్నెట్ లేకుండానే *99# ద్వారా, యూపీఐ 123పే ద్వారా బటన్ల ఫోనుతో డబ్బు పంపే సౌకర్యం ఉంది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గానీ, తీసుకోవడానికి అవసరం లేదు. "మీకు డబ్బులు పడతాయి, పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసమే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.

ఫోను పోతే, నంబరు మారితే

ఈరోజే *#06# కొట్టండి. 15 అంకెల నంబరు కనిపిస్తుంది. అది మీ ఫోను గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ. పుస్తకంలో రాసుకోండి. ఫోను పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ సంఖ్యతో ఫోనును కూడా పనిచేయకుండా చేయించవచ్చు.

నంబరు మారిస్తే బ్యాంకులోనూ, ఆధార్‌లోనూ, రైతు సేవా కేంద్రంలోనూ కొత్త నంబరు ఇవ్వాలి. రీచార్జి చేయకుండా, వాడకుండా నెలల తరబడి వదిలేస్తే ఆ నంబరు రద్దయి మరొకరికి వెళ్లవచ్చు. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీ ఆ మరొకరికి చేరుతుంది.

ఇప్పుడే చేయాల్సిన ఐదు పనులు

1. మెసేజీల పెట్టె తెరిచి అక్కర్లేనివి తీసేయండి.
2. కిసాన్ కాల్ సెంటర్ నంబరు, పైన ఇచ్చిన ఇతర నంబర్లు సేవ్ చేయండి.
3. కనీసం నాలుగు బటన్లకు స్పీడ్ డయల్ పెట్టుకోండి.
4. *#06# కొట్టి ఐఎంఈఐ రాసుకోండి.
5. మీ ప్రస్తుత నంబరే వ్యవసాయ శాఖ దగ్గర నమోదై ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో లేదా ఏఈవో దగ్గర సరిచూసుకోండి.

మొదట చెప్పిన కౌలు రైతు ఇప్పుడు ప్రతి ఆదివారం ఇన్‌బాక్స్ ఖాళీ చేస్తాడు. పోయిన సీజన్‌లో వాన హెచ్చరిక వచ్చినప్పుడు నాకే ముందు ఫోన్ చేసి, "సార్, కుప్ప వేసేశాను, మన వీధిలో ఇంకా ఎవరికి చెప్పాలి?" అని అడిగాడు. మీ ఫోనుకు హెచ్చరిక వచ్చినప్పుడు మీరూ పక్క పొలం రైతుకు ఒక కాల్ చేసి చెప్పండి.